నేలలోని కావలివారు

కోలారు, హోసూరు ప్రాంతాలలో టమాటా పండించే తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఏపుగా పెరిగిన మొక్క, ఆకులైనా పండకముందే, ఒక్కసారిగా తల వాల్చడం ఆ రైతులు ఎరిగిన కష్టమే. దీనిని బాక్టీరియా ఎండు తెగులు అంటారు. వాడిన మొక్క కాండాన్ని కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో నిలిపితే, కోసిన చోటి నుండి పాల వంటి సన్నని ధార దిగుతుంది. ఆ ధార నిండా రాల్‌స్టోనియా అనే బాక్టీరియాలే. ఇవి మట్టిలో దాగి ఉండి, వేర్ల గాయాల గుండా లోనికి చొరబడి, నీటి నాళాలను మూసివేస్తాయి. అలా వాడిన మొక్కను తిరిగి బ్రతికించే మందు లేదు.

కనుక పంటకు రక్షణ మట్టిలోనే మొదలు కావాలి. అక్కడ రైతుకు తోడు నిలిచే జీవి వానపాము. కొన్ని పల్లెలలో దీనినే ఎర్ర అంటారు. అది కుళ్ళిన ఆకులను మట్టితో కలిపి మింగుతుంది. దాని పేగులలో మేలు చేసే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. అది విసర్జించిన మట్టిలో బాసిల్లస్, సూడోమోనాస్ వంటివి ఉంటాయి. ఇవి ఆహారం కోసం, చోటు కోసం హానికర బాక్టీరియాలతో పోటీపడతాయి. వాటిని అణచే పదార్థాలను కూడా తయారుచేస్తాయి. నీరు నిలిచే నేలలో ఎండు తెగులు ఎక్కువ. వానపాముల బొరియల గుండా ఆ నీరు ఇంకిపోతుంది.

చార్లెస్ డార్విన్ 1881లో వానపాములపై ఒక గ్రంథమే వెలువరించాడు. ఇంగ్లండులో అనేక చోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టి వాటి శరీరాల గుండా సాగిపోతుందని అంచనా వేశాడు.

కూలి అడగకుండా ఇంత పని చేసే జీవిని చేజేతులా చంపుకోవడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. కార్బోఫ్యూరాన్ వంటి గుళికల మందు వానపాములకు ప్రాణాంతకం. చెత్తాకును తగులబెడితే వాటి తిండి బూడిదవుతుంది.

వానపాములుంటే చాలు, తెగులు రాదా? అలా అనుకోవడం పొరపాటు. వాడిన మొక్కలను వేళ్ళతో సహా పీకివేయాలి. టమాటా, వంకాయ, మిరప ఒకదాని వెంట ఒకటి వేయక, మధ్యలో జొన్న, మొక్కజొన్న వంటి పైర్లు వేయాలి. అయితే ఈ జాగ్రత్తలన్నిటికీ బలమిచ్చేది ప్రాణమున్న నేల. వానపాముల ఎరువును బస్తాలలో కొని తెచ్చినా, పొలంలో ఉన్న వానపాములకు తిండి, తేమ దక్కకపోతే ఆ మేలు నిలవదు.

వాన వెలిసిన ఉదయం చేనులో చిన్న చిన్న మట్టి కుప్పలు కనిపిస్తే, అక్కడ కావలివారు మేలుకొని ఉన్నట్లే. అవి కనిపించని చేనులో రైతు మందు డబ్బా వైపు చూడకముందే మట్టి వైపు చూడాలి.