ఆడుపిల్లయు ఆటస్థలమును

పులికాటు తీరమందలి ఊళ్లలో సాయంకాలమున మగపిల్లలు బంతి తన్నుచుండగా, చంకను బిందెతో ఒకింత నిలిచి చూచి సాగిపోవు బాలికలను మేము తఱచుగ చూచుచుందుము. చూచుటకే వారికి తీరిక, ఆడుటకు లేదు. ఈ మాసము వారి తల్లులకు ఒక మాట చెప్పదలచితిమి.

ఫుట్‌బాలు ఆడువారికి తగని ఆటయని 1921లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము తన మైదానములను స్త్రీలకు మూసివైచెను. అవి మరల తెఱచుటకు దాదాపు ఏబది యేండ్లు పట్టినది. కావున ఈ శంక మన పెద్దలకు మాత్రమే కలిగినది కాదు.

దానికి సమాధానము మన తెలుగునాటనే కలదు. సౌమ్య గుగులోతు 2001లో నిజామాబాదు జిల్లా కిసాన్‌నగర్ తండాలో రైతు కుటుంబమున జన్మించినది. ముందు వరుసన నిలిచి గోలు చేయుట ఆమె పని. భారత జట్టున ఆడినది. 2022లో క్రొయేషియా దేశపు డినామో జాగ్రెబ్ జట్టు ఆమెను చేర్చుకొనెను. 2024-25లో ఈస్ట్ బెంగాల్ పక్షమున 9 గోలులు చేసి, ఆ జట్టు భారత మహిళా లీగు గెలుచుటకు తోడ్పడినది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ యేటి మేటి క్రీడాకారిణిగా సత్కరించెను.

సోదరీమణులారా! ప్రతి బాలికయు సౌమ్య కానక్కఱలేదు. బిరుదులు కొందఱికే దక్కును. పరుగువలన కలుగు బలమును, ఓడినను మరునాడు మరల ఆటకు వచ్చు నిబ్బరమును అందఱికి అక్కఱకు వచ్చును. అన్నదమ్ములకు గల గంట తీరికను ఆమెకును ఇయ్యుడు. ఆ గంటసేపు బిందెను అన్న మోసినచో ఇంటి గౌరవమునకు లోటు రాదు.