అజొల్లా గుంతలో గుళికలు వేయొద్దు

సికింద్రాబాద్ బంగళాల వరండాల్లో కుండీల నుంచి వేలాడే ఫెర్న్ మొక్కలు అందరం చూసినవే. మన కొట్టం పక్కన గుంతలో పెరిగే అజొల్లా కూడా ఆ జాతిదే అంటే చాలామంది నమ్మరు. మనం దాన్ని నాచు అంటాం. నాచు కాదు, పూత, గింజ లేని నీటి ఫెర్న్. దాని ఆకుల్లో కాపురముండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. అందుకే ఎండబెట్టిన అజొల్లా బరువులో ఐదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు దాకా మాంసకృత్తులుంటాయి. దాణా బస్తా ధర చూసి భయపడుతున్న ఈ రోజుల్లో రెండు బర్రెలున్న ఇంటికి ఇది చిన్న ఆసరా కాదు.

అయితే ముసురు పట్టి ఉక్కపోత మొదలైందంటే గుంతకు పురుగు పడుతుంది. రైతు మందుల దుకాణానికి పోతాడు. వరికి వేసే గుళికలే గుప్పెడు చల్లు అంటారక్కడ. ఇది ఉత్త గాలిమాట కూడా కాదు, చిక్కంతా అక్కడే ఉంది. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థ 1970ల చివరి నుంచి అజొల్లాను వరికి ఎరువుగా వాడే పని మీద పరిశోధన చేసింది. వరి కోసం మడుల్లో పెంచే అజొల్లాకు పురుగు పడితే కార్బోఫ్యూరాన్ గుళికలు వేయమనే సిఫారసు అప్పటి నుంచీ పుస్తకాల్లో ఉంది. ఆ అజొల్లా బురదలో కలిసిపోతుంది. మన గుంతలోది బర్రె నోట్లోకి పోతుంది. పేరొకటే, పని వేరు. ఈ తేడా చెప్పకుండా గుళికలు చేతిలో పెట్టడాన్ని మేము ఒప్పుకోం.

కార్బోఫ్యూరాన్ నీళ్లలో కరిగి, మొక్క లోపలికి పాకే మందు. నరాల మీద పనిచేసే విషం. పైపైన కడిగితే పోయేది కాదు. విషమెక్కిన పశువు చొంగ కారుస్తుంది, వణుకుతుంది, ఊపిరాడక పడిపోతుంది. అలా కనబడితే వెంటనే 1962కు ఫోన్ చేయాలి. ఏ మందు వేశామో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఈ విషానికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది, కాకపోతే సమయానికి అందాలి. పశువు బతికినా పాల మాటేమిటి? మన ఊళ్ల పాలు విజయ డెయిరీ దాకా, అక్కడి నుంచి నగరం పిల్లల గ్లాసుల దాకా పోతాయి. గుంతలో విషం చల్లి ఆ పాలు పోసే హక్కు మనకు లేదు.

అసలు గుంతలో ఉన్నది పురుగేనా అన్నది ముందు చూడాలి. అజొల్లా ఎర్రబడగానే పురుగనుకుని పరుగెత్తుతున్నాం. ఎండ ఎక్కువైనా, చలి ముదిరినా, భాస్వరం చాలకపోయినా అది ఎర్రబడుతుంది. ఎర్రబడి, ఆకు చిన్నదై, వేళ్లు పొడుగ్గా సాగితే అది ఆకలి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న గుంతకు ఐదు రోజులకోసారి 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, కిలో పచ్చి పేడ కలిపితే తిరిగి పచ్చబడుతుంది. (వరండా ఫెర్న్‌లకూ ఇదే గతి. ఆకు కింద వరుసగా ఉండే గోధుమ రంగు చుక్కలు ఆ మొక్క సంతానానికి వేసుకున్న బీజాలు. వాటిని పొలుసు పురుగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు.)

నిజంగా పురుగు పడితే గుర్తులు వేరు. ఆకులు సన్నని దారాలతో గూడు కట్టినట్టు ముద్దలవుతాయి. ముద్ద విప్పితే లోపల గొంగళి ఉంటుంది. రాత్రిపూట వచ్చే చిన్న రెక్కల పురుగు పెట్టిన గుడ్లే ఇవి. తట్టలో నీళ్లు పోసి అజొల్లా విదిలిస్తే ఎర్రటి సన్నని పురుగులు మెలికలు తిరిగితే అవి ఒక రకం ఈగ పిల్లలు, వేళ్లను కిందినుంచి తింటాయి. ఇక నత్తలు. వీటిని మనం లెక్కచేయం కానీ కొన్ని నీటి నత్తలు పశువులకు కార్జపు జలగను తెచ్చిపెడతాయి. అందుకే గుంతకు చెరువు నీళ్లు వద్దు, బోరు నీళ్లే మేలు. ఏ పురుగూ లేకుండా నల్లబడి కుళ్లితే అది బూజు తెగులు, కిక్కిరిసి పెరిగిన గుంతలో వస్తుంది. రోజూ అర కిలోకు తగ్గకుండా తీస్తుంటే చాలావరకు రాదు.

గొంగళి ఒక మూలనే ఉంటే ఆ ముద్దలు జాలితో తీసి కోళ్లకు వేయండి, ఎగబడి తింటాయి. గుంతంతా పాకితే మాత్రం మందులతో కుస్తీ పట్టొద్దు. వేప కషాయం కొంత ఆపుతుంది కానీ, చేదెక్కిన అజొల్లాను పశువు ముట్టకపోవచ్చు. మొత్తం తీసేయండి. నీళ్లు, మట్టి కూరగాయల మడికి పారించండి. షీటు కడిగి రెండు రోజులు ఎండబెట్టి, వీలైతే వేరే చోట కొత్తగా పట్టండి. మంచి విత్తనం కిలో వేస్తే వారం, పది రోజుల్లో గుంత నిండుతుంది. ఆ తర్వాత పైన దోమతెర కట్టండి. రాత్రి గుంత మీద బల్బు వెలగనీయకండి.

ఇదంతా చేయాలంటే పురుగులేని విత్తనం కావాలి. సర్కారు పథకాలను మేము ప్రశ్నించేది ఇక్కడే. పంచితే షీట్లు పంచుతారు, ఫొటోలు దిగుతారు. షీటు రాణీగంజ్ దుకాణాల్లో ఎప్పుడు పోయినా దొరుకుతుంది. మంచి అజొల్లా ఏ దుకాణంలో దొరుకుతుంది? ప్రతి మండల పశువైద్యశాలలో తెర కట్టిన తల్లిగుంత ఒకటి ఉండాలి. అడిగిన రైతుకు కిలో విత్తనం ఉచితంగా ఇవ్వాలి. ఖర్చు కొద్దిపాటి పేడ, ఫాస్ఫేటు, చూసుకునే మనిషి. దాంతోపాటు మేత అజొల్లాకు గుళికలు వేయరాదని పశుసంవర్ధక శాఖ, వ్యవసాయ శాఖ కలిసి తెలుగులో కరపత్రం వేసి, మందుల దుకాణాల గోడలకు అంటించాలి.

సర్కారు కదిలేదాకా మనలో మనమే ఇచ్చిపుచ్చుకోవాలి. మంచి గుంత ఉన్న సభ్యులు గ్రామ కమిటీకి పేరు ఇవ్వండి. తీసుకునేవాళ్లు ఒక్క పని చేయండి: తెచ్చిన అజొల్లాను తెల్లటి పళ్లెంలో నీళ్లు పోసి, పలచగా పరిచి, పది నిమిషాలు కదలకుండా చూడండి. గూడు గానీ, మెలికలు తిరిగే పురుగు గానీ, నత్త గుడ్ల జిగురు గానీ కనబడితే గుంతలో వేయకండి.