కుంటే పిల్లికి మన మాత్ర వద్దు

నిన్నటిదాకా గోడలెక్కి దూకిన మీ పిల్లి ఈ ఉదయం ఒక కాలు నేలకు ఆనించకుండా కుంటుతూ వచ్చింది. అరవడం లేదు, మూలగడం లేదు. "నొప్పేమీ లేదులే, అదే పోతుంది" అంటారు ఇంట్లో. ఈ మాట నేను ఒప్పుకోను. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. కాలు మోపడం లేదంటే నొప్పి ఉన్నట్టే అనుకోవాలి.

జాలి గలవాళ్ళు మరో పని చేస్తారు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్రను విరిచి పాలలో కలిపి పెడతారు. ఆ జాలే దాని ప్రాణం తీయవచ్చు!

ఎందుకో చూడండి. మన కాలేయం ఈ మందులో చాలా భాగాన్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి మూత్రం ద్వారా బయటకు పంపేస్తుంది. ఆ పని చేసే ముఖ్యమైన ఎంజైము పిల్లిలో తయారు కాదు. దానికి కావలసిన జన్యువు పిల్లిలో చెడిపోయి ఉందని 2000లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. సింహానిదీ ఇదే పరిస్థితి! బయటకు పోలేని మందు విషంగా మారుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని రూపానికి మారిపోతుంది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఆయాసం వస్తుంది. ఇందుకు ఒక్క మాత్ర చాలు. ఐబుప్రొఫెన్ కూడా ప్రమాదకరమే.

మరి మీరేం చేయాలి? ముందు కాస్త దూరంగా కూర్చుని ఏ కాలు కుంటుతోందో గమనించండి. తర్వాత పెద్దవాళ్ళెవరినైనా తువ్వాలులో చుట్టి పట్టుకోమని, పాదం చూడండి. ముల్లు దిగిందా? గోరు వంకర తిరిగి మెత్తటి పాదంలోకి గుచ్చుకుందా? కాలు వేడిగా వాచి ఉంటే మరో పిల్లి కరిచి ఉండవచ్చు. కోరపంటి గాటు పైకి మూసుకుపోయి లోపల చీము పడుతుంది. గాయానికి డెట్టాల్, ఫినాయిల్ రాయకండి, పిల్లి నాకి మింగుతుంది. వంకరపోయిన ఎముకను సరిచేయబోవద్దు. ఈ హడావిడిలో అది మిమ్మల్ని కరిచినా, రక్కినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. రేబిస్ విషయంలో మొహమాటం పనికిరాదు.

చిన్న కుంటు అయితే ఒక రోజు గదిలో విశ్రాంతిగా ఉంచి చూడవచ్చు. కాలు అసలు మోపకపోయినా, వాపు ఉన్నా పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. వెనుక కాళ్ళు హఠాత్తుగా పడిపోయి చల్లబడితే రక్తం గడ్డ అడ్డుపడి ఉండవచ్చు, క్షణం ఆగవద్దు.

"పిల్లికి కూడా ఆసుపత్రా?" అని నవ్వేవాళ్ళుంటారు. ఆవు కుంటితే పరుగెత్తేది వాళ్ళే! నవ్వనివ్వండి. ఒక అట్టపెట్టెకు గాలి రంధ్రాలు చేసి, పాత గుడ్డ పరిచి బయలుదేరండి. ఇంట్లో ఎవరైనా ఇదివరకే మాత్ర వేసి ఉంటే, ఏ మాత్రో, ఎప్పుడు వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. పారాసిటమాల్‌కు విరుగుడు ఉంది, కాని అది త్వరగా అందాలి.