చదవలేని బిడ్డకు మళ్లీ అదే తరగతా?

ఐదు, ఎనిమిది తరగతుల వార్షిక పరీక్షలోనూ, ఆ తరువాత రెండు నెలల్లోపు పెట్టే మరో పరీక్షలోనూ తప్పిన పిల్లలను అదే తరగతిలో ఉంచేందుకు వీలు కల్పిస్తూ కేంద్ర విద్యాశాఖ 2024 డిసెంబరు 16న జారీచేసిన సవరణ నిబంధనలు లేపాక్షి నవోదయ వంటి కేంద్ర విద్యాలయాలకు ఉద్దేశించినవే అయినా, 2019 నాటి విద్యాహక్కు చట్ట సవరణ అదే అధికారాన్ని రాష్ట్రాల చేతిలోనూ పెట్టినందున, హిందూపురం దగ్గరి పరిగి మండలంలోని బడిపిల్లలు తమకు సంబంధం లేదని ఊరుకోగలిగిన విషయం కాదిది. చదవడం రాకుండానే పదో తరగతికి చేరుతున్న పిల్లలున్నారన్న వాదన నిజం, దానిని ఎవరూ కాదనలేరు. అయితే బిడ్డను నిలిపివేయడం శిక్ష కాదని, చదువులో లోపం ఎక్కడుందో కనిపెట్టి సరిదిద్దడానికేనని ఈ నిర్ణయానికి చెబుతున్న సమర్థనలో నిజాయతీ లేదు.

పరీక్ష బిడ్డకు చదవడం రాలేదని చెబుతుంది. ఎందుకు రాలేదో చెప్పే శక్తి దానికి లేదు. చూపు మందగించి నల్లబల్ల కనిపించని పిల్లవాడికి, చెవిలో చీము కారి పాఠం సరిగా వినబడని అమ్మాయికి, తల్లిదండ్రులతో పాటు బెంగళూరు పనులకు వెళ్లి నెలల తరబడి బడికి దూరమైన బిడ్డకు, ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడుతూ బడిలో తెలుగు వాచకం పట్టుకున్న బిడ్డకు, డిస్లెక్సియా ఉన్న బిడ్డకు వచ్చే మార్కులు ఒకేలా ఉంటాయి గాని, ఒకరికి కావలసింది కళ్లద్దాలు, మరొకరికి చెవి వైద్యం, ఇంకొకరికి ఇంటి భాష తెలిసిన పంతులు. డిస్లెక్సియా అంటే తెలివి, చూపు, వినికిడి సక్రమంగా ఉండి, తగినంత బోధన అందినప్పటికీ, మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతపరచడంలో మెదడుకు కలిగే ఇబ్బంది. తెలివైన పద్నాలుగేళ్ల బాలుడు చదవలేకపోవడాన్ని ఆంగ్లేయ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ 1896లోనే వైద్య పత్రికలో వివరించాడు కనుక, ఇది నిన్నమొన్న పుట్టిన నెపం కాదు. అలాంటి బిడ్డను మూడో తరగతి వాచకం ముందు కూర్చోబెట్టి దగ్గరగా గమనిస్తే, పాఠం గడగడా అప్పజెబుతున్నట్టే ఉంటుంది గాని వేలు ఒక పంక్తి మీద, నోరు మరో పంక్తిలో ఉంటాయి. విని కంఠస్థం చేసిన వాక్యాన్ని మధ్యలో ఆపి ఒక్క పదం చూపిస్తే తావత్తు దగ్గర నిలిచిపోతాడు, ‘మ’ను ‘య’ అంటాడు, రెండు పంక్తుల తరువాత అదే పదం వచ్చినా కొత్తగా కూడబలుక్కుంటాడు. ఏ పద్ధతిలో చెబితే ఏడాది పొడవునా అతనికి అంతుబట్టలేదో, అదే పద్ధతిలో అదే వాచకాన్ని మరో ఏడాది చెప్పడాన్ని సరిదిద్దడం అనడం అన్యాయం.

నిబంధనల్లో ఏముందో చూస్తే ఈ సమర్థన ఇంకా తేలిపోతుంది. నిలిచిపోయిన బిడ్డకు, అవసరమైతే తల్లిదండ్రులకు కూడా, తరగతి ఉపాధ్యాయుడు దారి చూపి, లోపాలను గుర్తించి ప్రత్యేక సాయం అందించాలని, ప్రధానోపాధ్యాయుడు అలాంటి పిల్లల జాబితా ఉంచుకుని పర్యవేక్షించాలని వాటిలో ఉంది. ఆ బిడ్డను పిల్లల వైద్యుడికో మనస్తత్వ నిపుణుడికో చూపించాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఏడాదంతా పాఠం చెప్పినా కారణం పట్టుకోలేకపోయిన ఉపాధ్యాయుడికే, ఏ శిక్షణా ఏ సాధనమూ అదనంగా ఇవ్వకుండా, నిలిపివేసిన తరువాత కారణం కనిపెట్టమనడం ఆయనకూ న్యాయం కాదు.

గుర్తించాలన్న ఉద్దేశమే ఉంటే కొత్త నిబంధన అక్కరలేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను, అంటే చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బందులను, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. వాటిని బడిలో వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధన అందేలా చూసే పనిని 16వ సెక్షన్ ప్రభుత్వాలపై పెట్టింది. మూడో తరగతిలో గాని ఎనిమిదేళ్ల వయసులో గాని, ఏది ముందైతే అప్పుడు, ప్రతి బడిలోనూ ఉపాధ్యాయులు ప్రాథమిక పరిశీలన జరపాలని, అనుమానం ఉంటే బిడ్డను పిల్లల వైద్యుడికి చూపించాలని, చూపూ వినికిడీ సరిగా ఉన్నాయని తేలాక మనస్తత్వ నిపుణుడు తెలివితేటల పరీక్ష, చదువు సంబంధిత పరీక్షలు చేయాలని ఆ చట్టం కింద కేంద్రం 2018 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు వరుసక్రమం కూడా చెప్పాయి. అంటే మూడో తరగతిలో ప్రభుత్వం చేయవలసిన పనిని చేయకుండా వదిలేసి, రెండేళ్ల తరువాత ఐదో తరగతిలో ఆ లోపానికి మూల్యాన్ని పదేళ్ల బిడ్డ చేత కట్టించడం జరుగుతుంది. ఇంతకంటే నిర్దయ ఏముంటుంది?

పరిగి నుంచి ఈ మదింపు, అంటే ఆసుపత్రుల్లో అసెస్‌మెంట్ అని పిలిచే నిపుణుల పరిశీలన, కోరుకునే కుటుంబానికి ఎదురయ్యే కష్టం నిబంధనలు రాసినవారి దృష్టికి వచ్చినట్టు లేదు. 2018 మార్గదర్శకాలు ప్రామాణికంగా పేర్కొన్న పరీక్షలను రూపొందించిన మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ బెంగళూరులో, ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. పట్టుపురుగులు గూళ్లు కట్టేందుకు చంద్రికలకెక్కే రోజుల్లో ఇల్లు కదలలేని రైతుకూ, ఒకరోజు కూలి పోతే వారం లెక్క తప్పే తల్లికీ ఆ ప్రయాణం ఒక్కసారితో ముగియదు. పైగా గుణింతాలూ ఒత్తులూ కలిసి వందల రూపాలు తీసుకునే తెలుగులో బిడ్డ ఎక్కడ తడబడుతున్నాడో తెలుగులో పరీక్షిస్తేనే తెలుస్తుంది. సోదర లిపి అయిన కన్నడంపై పరిశోధకురాలు సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, ఆంగ్లం నేర్చే పిల్లలకంటే ఈ లిపులు నేర్చే పిల్లలకు అక్షరాలపై పట్టు రావడానికి ఎక్కువ కాలం పడుతుందని చూపింది. మామూలు ఆలస్యమేదో వైకల్యమేదో తేల్చడానికి నిపుణుడు ఎందుకు కావాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు. బిడ్డకు ‘మొద్దు’ అన్న ముద్ర పడుతుందని, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పేరెత్తితేనే ఊళ్లో మాట పుడుతుందని జంకే తల్లిదండ్రుల భయం కూడా చిన్నది కాదు. అయినా మదింపుకు వెళ్లడమే మంచిది, ఎందుకంటే ఎవరూ పరీక్షించకపోయినా ఆ ముద్ర ఇప్పటికే తరగతి గదిలో రోజూ పడుతోంది.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన సమస్యల జాబితాలో అభ్యసన సమస్య ఉంది. ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. ఈ ఏర్పాట్లను ఆసరాగా చేసుకుని, నిపుణుడు పరిశీలించి నివేదిక ఇవ్వనిదే ఏ బిడ్డనూ నిలిపివేయకూడదని రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ఉత్తర్వు ఇవ్వాలి. తెలుగులో పరీక్షించగల మనస్తత్వ నిపుణుడిని హిందూపురం ప్రభుత్వాసుపత్రిలో నిర్ణీత రోజుల్లో కూర్చోబెట్టాలి; తల్లిదండ్రులు రాతపూర్వకంగా మదింపు కోరితే ప్రధానోపాధ్యాయుడు రసీదు ఇచ్చి, గడువు చెప్పి, దారి ఖర్చు ఇప్పించాలి. ఇవేవీ లేనంత కాలం నిలిపివేత అధికారాన్ని వాడుకునే ఆలోచనను రాష్ట్రం దరిచేరనీయకూడదు.