సముద్రం లోపలికి ఎందుకు లాగుతుంది?

విశాఖ ఆర్కే బీచ్‌లోనో, బాపట్ల దగ్గర సూర్యలంకలోనో మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డవారందరికీ తెలిసిన అనుభవమే ఇది. అల వెనక్కి మళ్లేటప్పుడు పాదాల కింద ఇసుక జారిపోతుంది. ‘సముద్రం లాగుతోంది’ అంటూ పెద్దవాళ్లు పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుంటారు.

కెరటాలన్నీ ఒడ్డుకే వస్తాయి కదా, మరి మనిషి లోపలికి ఎలా పోతాడు?

లాగుడు రెండు రకాలు. పాదాల కింద ఇసుకను తీసుకుపోయేది వెనక్కి మళ్లే అల. దాని బలం కొద్ది క్షణాలే. పిల్లలు తూలి పడొచ్చు గానీ అది దూరం తీసుకుపోదు. ప్రాణాలు తీసేది రెండోది, రిప్ కరెంట్.

వరసగా వచ్చి విరిగే కెరటాల వల్ల ఒడ్డు దగ్గర నీరు పోగవుతుంది. అది తిరిగి వెళ్లాలి. కానీ ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున ఇసుక మేటలు గట్టులా అడ్డుంటాయి. ఆ గట్టుకు గండి ఎక్కడుంటే నీరంతా అటే మళ్లుతుంది. నిండు చెరువుకు గండి పడ్డట్టే! మామూలుగా దీని వేగం సెకనుకు అర మీటరు. ఒక్కోసారి 2.4 మీటర్ల దాకా వెళుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను ప్రపంచ రికార్డుతో గెలిచిన చైనా ఈతగాడికి పట్టింది 46.40 సెకన్లు. అంటే సెకనుకు సుమారు 2.15 మీటర్లు. అతనైనా దానికి ఎదురీదలేడన్నమాట.

అసలు మోసం ఇంకోటుంది. గండి దగ్గర లోతెక్కువ కాబట్టి అక్కడ అలలు విరగవు. రెండు పక్కలా నురగ పొంగుతుంటే మధ్యలో నీరు ముదురు రంగులో, నెమ్మదిగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు ‘ఇక్కడ అలల్లేవు’ అని సరిగ్గా అక్కడే దిగుతారు.

చిక్కుకుంటే బయటపడేదెలా?

ఈ ప్రవాహం మనిషిని అడుక్కి లాగదు. అలలు విరిగే చోటు దాటించి, అక్కడ నీరసపడిపోతుంది. మునిగిపోయేవాళ్లలో ఎక్కువమంది కంగారులో నేరుగా ఒడ్డుకు ఈది, అలసిపోయి మునుగుతారు. వెడల్పు చాలావరకు 30 మీటర్ల లోపే కనుక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే దాని పట్టు వదులుతుంది. తర్వాత అలలతోపాటే ఒడ్డుకు రావాలి. శక్తి లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి ఊపాలి. ఈత రానివారికి ఇది చెప్పినంత తేలిక కాదు. వారు మోకాలిలోతు దాటకపోవడమే మేలు.

పౌర్ణమినాడు ఉధృతి ఎక్కువా?

పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఇంచుమించు ఒకే వరసలోకి వస్తాయి. పోటుకు నీరు ఎక్కువగా లేస్తుంది, ఆటుకు ఎక్కువగా దిగుతుంది. ఆటు వేళ మేటల మీద నీరు పలచబడి, తిరుగు నీటికి గండి దారే మిగులుతుంది. లాగుడు పెరిగేది అప్పుడే. కార్తీక, మాఘ పౌర్ణములకు సముద్ర స్నానాలకు వెళ్లే కుటుంబాలు ఇది గమనించాలి. ‘ఏటా మునిగే చోటే కదా’ అన్న ధీమా కూడా పనికిరాదు. ఇసుక మేటలు కదులుతుంటాయి. ఒక్క తుపాను చాలు, నిరుటి గట్టు ఈ ఏడు గండి కావడానికి.

కళ్లెదుటే ఒకరు కొట్టుకుపోతుంటే?

తమ్ముడి కోసం అన్న, స్నేహితుడి కోసం స్నేహితుడు దూకేస్తారు. ఒకరితో పోయేది ఇద్దరిదాకా వస్తుంది. ముందు లైఫ్‌గార్డునో, దగ్గర్లోని జాలర్లనో కేకేయాలి. గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా, పెద్ద థర్మాకోల్ ముక్క... తేలేది ఏదైనా సరే, అతనికి అందేలా విసరాలి. ఒకరు మాత్రం చూపు తిప్పకుండా, అతనున్న చోటును వేలితో చూపిస్తూ ఒడ్డునే నిలబడాలి. అలల మధ్య తల ఒక్కసారి కనుమరుగైతే మళ్లీ వెతికి పట్టుకోవడం కష్టం.