చూసేవాళ్ళ లెక్క

ఎప్పుడూ కుటుంబ కథలేనా, ఒక్కసారి థ్రిల్లర్ గురించి రాయండి అని కొందరు పాఠకులు అడుగుతున్నారు. సరే, ఈ నెల రాస్తున్నాను. కానీ ఇది పాప్‌కార్న్ తింటూ చూసే రకం కాదు. 2008 జనవరిలో అమెరికాలో విడుదలైన 'అన్‌ట్రేసబుల్'. దర్శకుడు గ్రెగరీ హాబ్లిట్. డయాన్ లేన్ ముఖ్యపాత్ర. కథ చివరిదాకా చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను మాట్లాడాలనుకున్నది ఆ చివర్లోనే ఉంది. చూసి చదవాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆగండి. చూసే ఉద్దేశం లేనివాళ్ళు నిశ్చింతగా చదవచ్చు, రక్తం వివరాలు ఎక్కువ రాయను.

కథ ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో జరుగుతుంది. జెన్నిఫర్ మార్ష్ ఎఫ్‌బీఐలో సైబర్ నేరాల విభాగం అధికారి. భర్త పోయాడు. చిన్న కూతురు ఆనీ, తల్లి స్టెల్లా, తను, ముగ్గురాడవాళ్ళ ఇల్లు. ఉద్యోగం రాత్రిపూట. ఊరంతా పడుకున్నాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని క్రెడిట్ కార్డు దొంగల్ని, దొంగపేర్లతో తిరిగేవాళ్ళని పట్టుకుంటూ ఉంటుంది. పగలు పడుకునే తల్లి, ఆ వేళల్లో మనవరాల్ని చూసుకునే అమ్మమ్మ. రాత్రి డ్యూటీలు చేసే మన నర్సు అమ్మాయిల ఇళ్ళూ, విజిటర్ వీసా మీద వచ్చి ఆరునెలలు పిల్లల్ని చూసుకునే మన అమ్మమ్మల ఇళ్ళూ ఇలాగే ఉంటాయి కదా.

ఒక రాత్రి పేరు చెప్పని వ్యక్తి ఒక వెబ్‌సైటు గురించి సమాచారం ఇస్తాడు. దాని పేరు 'కిల్ విత్ మీ', అంటే 'నాతో కలిసి చంపండి' అని. తెరిస్తే, ఎలుకల కోసం పెట్టే జిగురు అట్టకి ఒక పిల్లికూన అతుక్కుని ఉంటుంది. అది చనిపోతుంటే కెమెరా చూపిస్తూ ఉంటుంది. జెన్నిఫర్ ఆ సైటుని మూయించబోతుంది. ఒక సర్వర్ మూస్తే దాని నకలు ఇంకోచోట తెరుచుకుంటుంది. మూసేకొద్దీ పుడుతూనే ఉంటుంది.

తర్వాత పిల్లి స్థానంలో మనిషి వస్తాడు. కట్టేసి ఉంటాడు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఒంట్లోకి ఎక్కుతూ ఉంటుంది. తెర మీద ఒక అంకె కనిపిస్తూ ఉంటుంది, ఇప్పుడు ఎంతమంది చూస్తున్నారో ఆ లెక్క. ఆ లెక్క పెరిగేకొద్దీ మందు వేగంగా ఎక్కుతుంది. ఎవరూ చూడకపోతే ఆ మనిషి చావడు. అందరూ చూస్తే నిమిషాల్లో పోతాడు. హంతకుడు పరికరాన్ని తయారు చేసి పక్కకి తప్పుకుంటాడు. మిగతా పని చూసేవాళ్ళే చేస్తారు.

నాకు సినిమాలో అన్నిటికన్నా భయం వేసింది హింస ఉన్న చోట కాదు, అధికారులు విలేకరుల సమావేశం పెట్టిన చోట. "దయచేసి ఆ సైటుకి వెళ్ళకండి, మీరు వెళ్తే మనిషి చనిపోతాడు" అని బతిమాలుకుంటారు. అది టీవీలో విన్న జనం ఆ సైటు ఏమిటో చూద్దామని వెళ్తారు. లెక్క ఇంకా పెరుగుతుంది. వెళ్ళినవాళ్ళలో నిజంగా క్రూరులు ఎంతమంది ఉంటారు? చాలామంది "ఒక్కసారి చూసి వచ్చేద్దాం" అనుకున్నవాళ్ళే అయి ఉంటారు. ఆ ఒక్కసారిలన్నీ కలిస్తేనే కదా అంత పెద్ద అంకె అయింది.

చివరికి బయటపడేది ఏమిటంటే, చనిపోయినవాళ్ళు దారిన పోయేవాళ్ళు కారు. కాలేజీ టీచరు ఒకాయన ఆత్మహత్య చేసుకుంటాడు. దాన్ని హెలికాప్టర్ నుంచి చిత్రీకరించారు, టీవీలో ప్రసారం చేశారు, ఇంటర్నెట్‌లో జనం తిరగేసి తిరగేసి చూశారు. ఆయన కొడుకు ఓవెన్ రైలీ మతి చెడి ఆస్పత్రి పాలవుతాడు. బయటికొచ్చాక ఆ హెలికాప్టర్ పైలట్‌తో మొదలుపెడతాడు. మా నాన్న చావుని తమాషాగా చూశారుగా, ఇప్పుడు మీచేతే చంపిస్తాను అన్నది అతని పగ. అతను చేసింది క్షమించలేం. అతను వేసిన ప్రశ్నకి మాత్రం సినిమాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

దర్యాప్తు చేసే మనిషి ఏం పోగొట్టుకుంటుందో సినిమా బాగా చూపిస్తుంది. తనతో పనిచేసే కుర్రవాడు గ్రిఫిన్‌ని హంతకుడు ఎత్తుకుపోతాడు. అతను చనిపోతూ కనురెప్పలు కొట్టి మోర్స్ కోడ్‌లో ఒక ఆధారం చెప్తాడు. ఆ ఆధారం దొరకాలంటే జెన్నిఫర్ కళ్ళు తిప్పుకోకుండా ఆ వీడియో చూడాలి. లక్షలమంది సరదాకి చూస్తున్న దాన్నే ఆమె పనికోసం చూస్తుంది. పోలీసు విభాగాల్లో, సోషల్ మీడియా కంపెనీల్లో ఈ పనిచేసేవాళ్ళు నిజంగానే ఉన్నారు. మన కళ్ళ ముందుకి రాకుండా తీసెయ్యడానికి రోజూ అవే చూస్తూ కూర్చుంటారు. 2020లో ఫేస్‌బుక్ అమెరికాలో అలా పనిచేసి మానసికంగా దెబ్బతిన్నవాళ్ళకి 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి కోర్టు వ్యాజ్యంలో ఒప్పుకుంది. చూడటం ఉత్తినే పోదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఎందుకు?

ఇదంతా సినిమా వాళ్ళ ఊహేనా అంటే, పిల్లికూనతో మొదలుపెట్టడం ఊరికే కాదు. చిన్న జంతువుల్ని హింసించి చంపుతూ తీసిన వీడియోలు చూసి లైంగిక తృప్తి పొందే వికృతం ఒకటి ఉంది. ఆ వీడియోలకి కొనుగోలుదారులు ఉన్నారు కాబట్టే 1999లో అమెరికా వాటిని అమ్మడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. ఆ చట్టం మరీ విశాలంగా ఉందని 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 8-1తో కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో సరిదిద్దిన చట్టం వచ్చింది. అప్పటికీ వీడియో తియ్యడం, పంచడమే ఫెడరల్ నేరం. ఆ హింస కూడా ఫెడరల్ నేరం కావడానికి 2019 నవంబరు దాకా పట్టింది.

2023లో బీబీసీ బయటపెట్టిన వ్యవహారం సినిమాకన్నా దారుణం. అమెరికా, బ్రిటన్‌ల నుంచి కొందరు టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరి, ఇండొనేషియాలో కోతిపిల్లల్ని హింసించి వీడియోలు తియ్యమని డబ్బులు పంపేవారు. ఏం చెయ్యాలో కూడా వాళ్ళే చెప్పేవారు. నాకు మింగుడుపడని సంగతి, 2024లో ఇంగ్లండ్‌లో ఈ కేసులో జైలుకి వెళ్ళినవాళ్ళలో ఇద్దరు స్త్రీలు ఉన్నారు. ఇలాంటివి మగవాళ్ళ జబ్బు, మనకేం సంబంధం అనుకోడానికి వీల్లేదు.

మన వైపు చూద్దాం. 2019 నవంబరు చివర్లో హైదరాబాద్ శివార్లలో, శంషాబాద్ దగ్గర, ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేశారు. బాధితురాలి పేరు రాయకూడదని చట్టం. 'దిశ' అని పిలవండని పోలీసులు చెప్పారు. ఊరూరా కొవ్వొత్తులు వెలిగించారు. అవే రోజుల్లో అశ్లీల సైట్లలో ఆమె పేరుతో వెతుకుతున్నారని పత్రికలు రాశాయి. ఏం దొరుకుతుందని వెతికారు? ఓవెన్ రైలీ పెట్టిన లెక్క మీటరు అక్కడ లేదు గానీ, ఉండి ఉంటే ఏ అంకె చూపించేదో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

వాళ్ళు వికృతులు, మనం మంచివాళ్ళం అని పక్కకి జరగడం తేలిక. కానీ మన వాట్సాప్ గ్రూపుల సంగతేమిటి? నిరుడు మా ఊళ్ళో చదువుకోడానికి వచ్చిన ఒక తెలుగు అబ్బాయి రోడ్డు ప్రమాదంలో పోయాడు. కన్నవాళ్ళకి కబురు ఎలా చెప్పాలా అని పెద్దలు తర్జనభర్జన పడుతుండగానే ప్రమాదం జరిగిన చోట ఎవరో తీసిన వీడియో మా ఆడవాళ్ళ గ్రూపులోకి వచ్చింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, 'ఓం శాంతి'లు. ఆ గ్రూపులో ఒక పెద్దావిడ, ఎప్పుడూ పచ్చళ్ళ గురించి తప్ప మాట్లాడరు, ఒకే ఒక్క వాక్యం పెట్టారు: "తీసెయ్యండమ్మా, వాళ్ళమ్మకి ఇంకా తెలీదు." పది నిమిషాల్లో వీడియో పోయింది. కానీ ఆ పాటికి అది ఎన్ని గ్రూపులకి వెళ్ళిందో!

పంపినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ కుటుంబానికి చందా పోగుచేసినవాళ్ళలో వాళ్ళే ముందున్నారు. జాలిపడే పంపారు. అదే నన్ను ఆలోచింపజేసింది. ఓవెన్ తండ్రి చావు చూసినవాళ్ళలో కూడా "అయ్యో పాపం" అనుకుంటూ చూసినవాళ్ళు ఉండే ఉంటారు. మనం ఏ మనసుతో చూశామో ఆ లెక్కకి తెలియదు. అది ఒకటి కలుపుకుంటుంది, అంతే. జాలి ఉంటే ఆ తల్లికి ఫోన్ చెయ్యచ్చు, అన్నం పంపచ్చు, శవాన్ని ఇండియాకి పంపే కాగితాల పనిలో సాయపడచ్చు. వీడియో చూడటం వీటిలో దేనికీ అవసరం లేదు.

ఇక సినిమా మీద నా ఫిర్యాదు. చూడటం తప్పు అని చెప్పే ఈ సినిమా, ఆ చావుల్ని మనకి తీరిగ్గా చూపిస్తుంది. టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న మనమే ఆ లెక్కలో అంకెలం. విమర్శకులు అప్పుడే ఈ మాట అన్నారు, అందులో న్యాయం ఉంది. ఇదే విషయాన్ని వేరేగా చెప్పిన సినిమా 2023లో కెనడా నుంచి వచ్చింది. పాస్కల్ ప్లాంట్ తీసిన ఫ్రెంచి సినిమా 'రెడ్ రూమ్స్'. ముగ్గురు ఆడపిల్లల్ని చంపి, ఆ వీడియోలు ఇంటర్నెట్ చీకటి మూలల్లో ప్రసారం చేశాడన్న ఆరోపణ మీద మాంట్రియల్‌లో ఒకడి విచారణ జరుగుతూ ఉంటుంది. ఆ వీడియోల్ని దర్శకుడు మనకి చూపించడు. శబ్దం వినిపిస్తుంది, చూస్తున్నవాళ్ళ మొహాలు కనిపిస్తాయి. కోర్టులో ఒక పిల్ల తల్లి కూర్చుని ఉంటుంది. అది చాలు. రెండింటిలో ఒకటే చూస్తానంటే రెండోదే చూడమంటాను.

అయినా 'అన్‌ట్రేసబుల్' ముగింపుకి మాత్రం నేను తలవంచుతాను. జెన్నిఫర్ హంతకుడి చేతికి చిక్కి, తప్పించుకుని, అతన్ని కాల్చేస్తుంది. ఇదంతా కూడా ప్రసారం అవుతూనే ఉంది. ఆమె కెమెరా ముందుకొచ్చి తన ఎఫ్‌బీఐ బ్యాడ్జి చూపిస్తుంది. ఇంక చాలు అన్నట్టు. తెర మీద చూసేవాళ్ళ వ్యాఖ్యలు మాత్రం వస్తూనే ఉంటాయి. ఈ వీడియో దాచుకోవడం ఎలా అని అడిగేవాళ్ళు కూడా అందులో ఉంటారు. హంతకుడు పోయాడు, చూసేవాళ్ళు అలాగే ఉన్నారు.

అక్కడితో ఆపేస్తే మీకు దిగులే మిగులుతుంది, అందుకని పనికొచ్చే నాలుగు మాటలు. మన పిల్లల ఫోటో ఎవరైనా దుర్వినియోగం చేస్తే, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ నడిపే 'టేక్ ఇట్ డౌన్' సేవ ఉంది. పెద్దవాళ్ళకి బ్రిటన్ నుంచి నడిచే 'స్టాప్ ఎన్‌సీఐఐ' ఉంది. రెండింటిలోనూ ఫోటో మన ఫోను దాటదు. దాని గుర్తు లాంటి ఒక సంకేతం మాత్రమే వెళ్తుంది, దాన్నిబట్టి కంపెనీలు ఆ ఫోటోని పట్టుకుంటాయి. అనుమతి లేని అలాంటి ఫోటోల్ని బాధితులు అడిగిన 48 గంటల్లో కంపెనీలు తీసెయ్యాలని 2025 మేలో అమెరికాలో చట్టం కూడా వచ్చింది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి ఈసేఫ్టీ కమిషనర్ ఉన్నారు. ఇండియాలో జరిగిన నేరమైతే కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల ఫిర్యాదులకి విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వచ్చు. దుబాయ్, అబుదాబిల్లో ఉన్న చెల్లెళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్రమాదాల్లో గాయపడినవాళ్ళ, చనిపోయినవాళ్ళ ఫోటోలు అనుమతి లేకుండా పంచడం యూఏఈలో శిక్షపడే నేరం. జాలితో పంపాం అంటే కుదరదు.

సినిమాకి అమెరికాలో ఆర్ రేటింగ్. పిల్లలతో కూర్చుని చూడొద్దు, ఒక్కళ్ళే అర్ధరాత్రి కూడా వద్దు. కానీ ఇంట్లో పదిహేనేళ్ళ పిల్లలుంటే ఈ కథ చెప్పండి. "ఎవరూ చూడకపోతే ఆ మనిషి బతికేవాడు" అన్న ఒక్క సంగతి చెప్పి, వాళ్ళేమంటారో వినండి. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే పోలీసులు కూడా చూడకూడదు కదా?" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. మీ ఇళ్ళలో ఏమన్నారో రాసి పంపండి.

వచ్చే నెల మాత్రం తప్పకుండా నవ్వుకునే సినిమానే.