నటీమణుల వేషమును మన బాలికలును

చలనచిత్రములు చూచుటచేతనే మన బాలికలు వేషడంబమునకు లోనగుచున్నారని పెద్దలు కొందఱు వగచుచుందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. క్రొత్త తీరు గౌను లేదను సిగ్గుచేత క్రిస్మసునాఁడు ఆరాధనకు రాక యింటనే నిలిచిపోయిన విద్యార్థిని నొకతెను నే నెఱుఁగుదును. అయినను నటీమణుల నెల్లరను నిందించుటకుముం దొక్కతె చరిత్రమును విచారింతము.

ఆడ్రీ హెప్‌బర్న్ 1929వ సంవత్సరమున బ్రస్సెల్సు నగరమున జన్మించెను. 1944-45 శీతకాలమున హాలండు దేశమును యుద్ధము కఱవుపాలు చేసినప్పుడు ఆ బాలిక యాఁకలిబాధ ననుభవించెను. పిమ్మట నటియై, 1954లో వెలువడిన ‘సబ్రీనా’ చిత్రమున, పారిసునగరపు ప్రసిద్ధ దర్జీ జివాంషీ కల్పించిన దుస్తులు కొన్ని ధరించెను. భుజమునుండి భుజమువఱకు సూటిగా సాగిన గౌనుమెడకు ఆ చిత్రము పేరే స్థిరపడినది. నేఁడు మన దర్జీలు ‘బోటు నెక్కు’ అని కుట్టు రవికమెడ దానికి దగ్గఱ చుట్టమే. 1961లో ‘బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్’ చిత్రమున ఆమె తాల్చిన చేతులులేని నల్లని గౌను నేఁటికిని అనుకరింపఁబడుచున్నది.

ఇన్నియేండ్లు నిలుచుటకు ఆ గౌనున నేమున్నది? జరీ లేదు, తళుకు లేదు. ఒక్క రంగు, చక్కని కత్తిరింపు, ఆమె సన్నని దేహమునకుఁ దగిన తీరు, ఇంతియే. మనము నేర్వవలసినది తనకుఁ దగినదాని నెఱుఁగు నా వివేకమేగాని ఆ గౌను కాదు. ఒకరికిఁ దగినది వేఱొకరికిఁ దగకపోవచ్చును. అప్పుచేసి కొన్నది యెవ్వరికిని దగదు.

మఱియొక విశేషము. ఆ చిత్రమునకై కుట్టిన నల్లని గౌనులలో నొకటి 2006 డిశంబరులో లండనునగరమున వేలమునకు వచ్చి 4,67,200 పౌండ్లు పలికెను. ఆ సొమ్ము మన దేశమందలి బీదల సహాయార్థము వినియోగింపఁబడెను. ఆమెయు తన కడపటి యేండ్లలో యూనిసెఫ్ సంస్థపక్షమున 1988లో ఇథియోపియాకును, 1992లో సొమాలియాకును పోయి, సామాన్యమైన చొక్కాతోనే ఆఁకలిగొన్న బిడ్డల నెత్తుకొనెను. 1993లో మృతినొందెను.

యొప్పే పట్టణపు తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు చూపి యేడ్చినవి ఆమె తాను కట్టుకొనిన బట్టలు కావు, తమకుఁ గుట్టియిచ్చిన బట్టలు. బాలికలారా, చక్కఁగా ధరింపుఁడు, వలదనను. కాని మీ ప్రక్క బల్లమీఁది చెలిమికత్తె మీ క్రొత్తబట్టనుజూచి సిగ్గుపడి యింట నిలిచిపోకుండునట్లు చూచుకొనుఁడు. తల్లిదండ్రులారా, పండుగకు అప్పుచేయకుఁడు; ఉదికిన పాతబట్టతో వచ్చు బిడ్డనుగూడ ప్రభువు ఆరాధనకుఁ జేర్చుకొనును.